మందుకు చావని దోమ ఎక్కడిది?

పోయిన ఏడు సుడిదోమ రాలిపోయిన మందే, ఈ ఏడు రెండుసార్లు కొట్టినా దుబ్బు మొదట్లో దోమ అట్టాగే ఉందని సాంబమసూరి వేసిన రైతులు అంటుంటారు. మందు కల్తీ అని కొందరు, దోమకు మందు అలవాటైందని కొందరు. కల్తీ ఉంటే ఉండొచ్చు గాని, అలవాటు అనేది సరికాదు. మందు తిని తిని ఏ దోమా రాటుదేలదు.

ప్రతి జీవి కణాల్లో జన్యువులనే రాత ఉంటుంది. కణం రెండయ్యేటప్పుడు ఆ రాతకు నకలు తీయాలి. దస్తావేజు రైటరు సర్వే నంబరులో ఒక అంకె తప్పు రాసినట్టు, ఇక్కడా అప్పుడప్పుడు ఒక అక్షరం మారుతుంది. దీన్నే ఉత్పరివర్తనం అంటారు. ఎక్స్-రేల వల్ల, కొన్ని రసాయనాల వల్ల కూడా ఇలా మారుతుంది. గుడ్డులోకో, గింజలోకో చేరిన మార్పే పిల్లలకు దిగుతుంది. చాలా మార్పులతో ఏమీ కాదు. కొన్నిటితో జీవి చస్తుంది. ఎప్పుడో ఒకటి పనికొస్తుంది. ఆముదం గింజలకు న్యూట్రాన్లు తగిలించి, మారిన మొక్కల్లోంచి మనవాళ్ళు ఏరి తీసిందే 'అరుణ' రకం. 270 రోజుల పంట 120 రోజులకు దిగింది!

మన చేలో ఏరేది మాత్రం మందే. లక్షల దోమల్లో మందును ఒంట్లోనే విరిచేసేవి పిచికారీకి ముందే ఏ నాలుగో ఉంటాయి. మిగతావి చస్తే తిండీ చోటూ వాటివే. ఒక్కో ఆడ దోమ 200 పైన గుడ్లు పెడుతుంది మరి. ఇమిడాక్లోప్రిడ్‌కు 2003 తర్వాత ఆసియా దేశాల్లో ఇదే గతి పట్టింది. మోతాదు పెంచితే దోమను తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు కూడా పోతాయి.

వంగడానికీ ఇంతే. దోమను తట్టుకుంటుందని ఫిలిప్పీన్స్‌లో 1973లో ఇచ్చిన ఐ.ఆర్. 26, రెండు మూడేళ్ళకే లొంగిపోయింది. దాని రక్షణంతా ఒక్క జన్యువు మీదే!

కనుక మందు మార్చండి. డబ్బా మార్చడం కాదు. పెద్దక్షరాల పేరు వేరైనా, కింద చిన్నక్షరాల్లో అసలు మందు ఒకటే కావచ్చు. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ ఒకే కుటుంబం. పైమెట్రోజిన్ వేరు. చదవడం రాకపోతే కొట్టు దగ్గరే ఎవరిచేతనైనా చదివించుకోండి. పిచికారీకి ముందు చేలో నీరు తీసి, దుబ్బు మొదళ్ళు తడిసేలా కొట్టాలి. నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితేనే మనిషి లోపలికి పోగలిగేది.