మద్దెల ఓడో కాదో మూడు ల్యాపుల్లో తేలుతుంది

శనివారం పొద్దున్నే ఇరుంగాట్టుకోట్టై పిట్ లేన్‌లో నిలబడితే తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ల్యాప్‌టాప్ మూసేసి, బళ్ళు టెంపోకెక్కించి, రాత్రంతా ప్రయాణం చేసి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు చేరినవాళ్ళు. మొదటి సెషన్ అయ్యీ అవ్వకముందే వాళ్ళలో ఒకడు హ్యాండిల్ మీదికి వంగి ఫోర్క్ పైనున్న స్క్రూ తిప్పుతుంటాడు. ‘ముందు మెత్తగా ఉందన్నా, రెండు క్లిక్కులు బిగించా’ అంటాడు. రెండో సెషన్ నుంచి వచ్చాక అదే స్క్రూ వెనక్కి తిరుగుతుంది. మధ్యాహ్నానికి అది మొదట ఎక్కడుందో అతనికీ గుర్తుండదు.

నేనూ ఆ స్క్రూ తిప్పినవాణ్ణే. ఒక ఏడాది బోనస్ మొత్తం ఫోర్క్ కార్ట్రిడ్జ్‌కీ వెనక మోనోషాక్‌కీ పోసి, ఇంట్లో సగం ఖరీదే చెప్పి, ట్రాక్‌కు వెళ్ళాను. ల్యాప్ టైమ్ అర సెకను తగ్గింది. పొంగిపోయాను. ఆ మధ్యాహ్నం శిక్షకుడు ఒకాయన రెండు ల్యాపులు నా వెనకాలే వచ్చి, పిట్‌లో హెల్మెట్ తీస్తూ, ‘బ్రేక్ పట్టడం వచ్చింది నీకు, వదలడం రాలేదు’ అన్నాడు.

ఆయన మాట వెనకున్న సంగతి తెలిస్తే స్క్రూడ్రైవర్ చాలాసార్లు జేబులోనే ఉండిపోతుంది. బ్రేక్ పట్టినప్పుడు బరువు ముందుకొచ్చి ఫోర్క్ కుంగుతుంది. కుంగినప్పుడు ముందు చక్రం కోణం నిటారవుతుంది, బండి సులువుగా తిరుగుతుంది. మలుపులోకి ఒంచుతూ లివర్‌ని ఒక్కసారిగా వదిలేస్తే ఫోర్క్ స్ప్రింగ్ లాగే ఎగిరి లేస్తుంది. ముందు టైరు మీద బరువు పోతుంది, కోణం వాలిపోతుంది, బండి గీత దాటి బయటికి జారుకుంటుంది. నేను దాన్ని ‘రీబౌండ్ (కుంగిన ఫోర్క్ పైకి లేచే వేగాన్ని అదుపుచేసే పట్టు) తక్కువైంది’ అనుకుని క్లిక్కులు బిగిస్తూ వచ్చాను. నా వేళ్ళు చేసిన తప్పును నూనె గొట్టంతో దిద్దించబోయానన్నమాట. లివర్‌ని మెల్లగా, మలుపు లోపలి అంచు దగ్గరయ్యేదాకా కొద్దికొద్దిగా వదలడం సాధన చేసిన రెండు సెషన్లలో మూడు సెకన్లు తగ్గాయి. ఖర్చు సున్నా.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని నన్ను నేను తిట్టుకుని ఊరుకుంటే ఇది రాయనక్కర్లేదు. ఎందుకంటే ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు. ఏడాదికి రెండో మూడో సెలవులు, నెల జీతంలో మిగిలే కొంత డబ్బు, ఇవి పెట్టుకుని ట్రాక్‌కు వెళ్ళే ఉద్యోగికి ఆ తేడా ఎలా తెలుస్తుందన్నదే అసలు ప్రశ్న.

నేను పెట్టుకున్న కొలత ఇది. ముందు ఎవరూ అడ్డురాని మూడు ల్యాపులు వరసగా, ఒకదానికొకటి ఒక సెకనులోపు తేడాతో తిప్పగలగాలి. అప్పటిదాకా క్లిక్కుల జోలికి పోను. రెండు క్లిక్కుల వల్ల వచ్చే మార్పు ఏ మూడు నాలుగు పదో వంతుల సెకనో ఉంటుంది. నా ల్యాపులే మూడేసి సెకన్లు అటూ ఇటూ ఊగుతుంటే ఆ మార్పు ఎక్కడ కనపడుతుంది? కూరగాయల తక్కెడలో బంగారం తూచినట్టే. పైన చెప్పిన అర సెకను ఆనందం కూడా అలాంటిదే. అది కొత్త షాక్ ఇచ్చిందో, ముందు రోజు కంటే బాగా నిద్రపోయినందుకు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఫోన్‌లో ల్యాప్ టైమర్ యాప్ చాలు. అదీ లేకపోతే పిట్ గోడ దగ్గర స్టాప్‌వాచ్‌తో ఒక స్నేహితుణ్ణి నిలబెట్టండి, మధ్యాహ్నం బిర్యానీ మీ ఖాతాలో.

క్లిక్కులు ముట్టనని చెప్పాను గానీ, బండిని చూసుకోనని చెప్పలేదు. మరమ్మతు వేరు, సెట్టింగ్ వేరు. ఫోర్క్ సీల్ కారుతోందా, ఫోర్క్ ఆయిల్ మార్చి ఎన్నేళ్ళయింది, బాల్ రేసర్‌లో ఆట ఉందా, ఇవి ఊళ్ళో మెకానిక్ దగ్గరే తేల్చుకోవాల్సినవి. టైరు గాలి అన్నిటికన్నా చవకైన సెట్టింగ్. పంచర్ షాపు మీటర్‌ని నమ్మకుండా సొంత గేజ్ కొనుక్కోండి. పొద్దున చల్లటి టైరులో ఒకసారి, సెషన్ నుంచి రాగానే వేడి మీద ఇంకోసారి చూసి రాసుకోండి. ఎంత ఉండాలో ఆ టైరు మీద ఆ ట్రాక్‌లో తిరిగినవాళ్ళని అడగండి. రోడ్డు మీద పెట్టే గాలి ట్రాక్‌లో మామూలుగా ఎక్కువవుతుంది.

ఇక సాగ్. కొత్తవాళ్ళు కూడా మొదటిరోజే చేయించుకోదగ్గ పని ఇదొక్కటే. మీ బరువుకు బండి ఎంత కుంగుతోందన్నదే సాగ్. ఇద్దరు స్నేహితులు, ఒక టేపు ఉంటే చాలు. వెనక చక్రం గాల్లో వేలాడేలా బండిని ఎత్తించి, ఇరుసు నుంచి నేరుగా పైన సీటు కింద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత సూటు, బూట్లు, హెల్మెట్‌తో ఎక్కి, కాళ్ళు ఫుట్‌పెగ్‌ల మీద పెట్టి, రైడింగ్‌లో ఎలా ఉంటారో అలా ఒంగి కూర్చోండి. ఒకరు హ్యాండిల్ పట్టుకోవాలి, ఇంకొకరు వెనక ఒకసారి అదిమి వదిలి మళ్ళీ కొలవాలి. రెండు కొలతల తేడా స్పోర్ట్స్ బండికి ట్రాక్‌లో 30 నుంచి 35 మిల్లీమీటర్లు ఉంటే మొదలుపెట్టడానికి మంచి చోటు. ముందు ఫోర్క్‌కీ దాదాపు ఇదే లెక్క. ఫోర్క్ గొట్టానికి ఒక జిప్ టై బిగించి వదిలేస్తే, బ్రేకింగ్‌లో ఎంతదాకా దిగిందో కూడా అదే చూపిస్తుంది.

ఇక్కడ ఒక అపోహ బలంగా పాతుకుపోయింది. ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచే సర్దుబాటు, బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందని. గట్టిపడదు. బండి ఎత్తు మారుతుంది, అంతే. మీ బరువుకు ఆ స్ప్రింగ్ సరిపోతుందా లేదా అన్నది తెలియాలంటే, ప్రీలోడ్‌తో సాగ్ సరిచేశాక మీరు దిగి, బండి తన బరువుతో తానే వెనక ఎంత కుంగుతోందో కొలవండి. 5 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు. అసలు కుంగకపోతే మెత్తటి స్ప్రింగ్‌ని ప్రీలోడ్‌తో నొక్కిపెట్టారన్నమాట. మీకు ఇంకాస్త గట్టి స్ప్రింగ్ కావాలి. మరీ ఎక్కువ కుంగితే స్ప్రింగ్ మీకు గట్టిదైంది. బక్కపలచటి మనిషి గట్టి స్ప్రింగ్ మీద కూర్చుంటే బండి ప్రతి గతుకుకీ గెంతుతుంది, అది రైడర్ తప్పు కానే కాదు.

పిట్‌లో ఎక్కువగా వినపడే ఫిర్యాదులు మూడు. ‘ముందు దిగబడిపోతోంది’ అన్నది మొదటిది. లివర్‌ని గుప్పున పట్టారా, మెత్తగా మొదలుపెట్టి బిగించారా? రెండోరకంగా పట్టి చూడండి. అప్పటికీ జిప్ టై చివరిదాకా దిగిపోతుంటే అప్పుడు స్ప్రింగ్, ఆయిల్ సంగతి మాట్లాడుకోవచ్చు. రెండోది హ్యాండిల్ ఊగడం. చాలాసార్లు ఊపేది మన చేతులే. మోకాళ్ళతో ట్యాంకు పట్టుకుని, స్ట్రెయిట్‌లో మోచేతులు కోడి రెక్కల్లా ఒకసారి ఆడించి చూడండి. ఆడకపోతే మీ బరువంతా హ్యాండిల్ మోస్తోంది. మూడోది, మలుపు దాటేటప్పుడు బయటికి పోవడం. దీనికి కారణాలు చాలానే. తొందరపడి రేజ్ చేయడం, చూపు ఎగ్జిట్ మీద కాక రోడ్డు అంచు మీద ఉండడం, భయంతో మధ్యలో థ్రాటిల్ మూసేయడం. మూస్తే బరువు ముందుకు దూకుతుంది, తెరిస్తే వెనక్కి వెళ్తుంది. అలా ముందుకూ వెనక్కూ ఊగే బండికి ఏ క్లిక్కూ మందు కాదు. 1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ మొదలుపెట్టిన కీత్ కోడ్ పాఠాలు థ్రాటిల్‌తోనే మొదలవుతాయి. మలుపులో బరువు ముందు 40, వెనక 60 శాతం దగ్గర నిలపడం థ్రాటిల్ పని అంటాడాయన.

రెండోవైపు సాక్ష్యం కూడా చెప్పాలి. 2007లో కేసీ స్టోనర్ డుకాటీ మీద 10 రేసులు గెలిచి మోటోజీపీ ఛాంపియన్ అయ్యాడు. అదే జట్టులో అనుభవజ్ఞుడు లోరిస్ కాపిరోసీ గెలిచింది ఒకటి. అంతా రైడర్ చేతుల్లోనే ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ 2011లో ఆ డుకాటీ మీదికి వాలెంటీనో రోసీ వచ్చాడు, తన పాత క్రూ చీఫ్ జెరెమీ బర్జెస్‌ని వెంటబెట్టుకుని. సెట్టింగులతో మొదలుపెట్టి, కార్బన్ ఫైబర్ ఛాసిస్ బదులు అల్యూమినియం ఫ్రేమ్ దాకా వెళ్ళారు. రెండు సీజన్లలో ఒక్క గెలుపూ లేదు, మూడే పోడియంలు. అంతటి రైడర్, అంతటి క్రూ ఉండి కూడా బండి లొంగలేదు. అయితే ఒకటి గమనించండి. తప్పు బండిలో ఉందని అంత నమ్మకంగా చెప్పగలిగారంటే, ల్యాపు తర్వాత ల్యాపు ఒకేలా తిప్పగల చేయి అక్కడ ఉంది కాబట్టే. మన పిట్‌లో లేనిది ఆ చేయి.

దానికి దగ్గరి దారి ఒకటుంది. మీ శిక్షకుణ్ణి మీ బండి మీద మూడు ల్యాపులు తిప్పమనండి. ఆయన మీకన్నా పది సెకన్లు ముందొచ్చి, ఏమీ అనకుండా బండి ఇచ్చేస్తే, మోనోషాక్ డబ్బులు ఇంకోసారి రైడింగ్ స్కూల్ ఫీజుకు దాచుకోండి. ఆయనా మీరూ ఒకే మలుపులో ఒకే మాట చెబితే మాత్రం తిప్పడం మొదలుపెట్టొచ్చు. ముందు స్క్రూని మెత్తగా పూర్తిగా మూసి, మొదటి చోటికి ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టి డైరీలో రాసుకోండి. సెషన్‌కు ఒకే మార్పు, అదీ మూడు నాలుగు క్లిక్కులు, తేడా ఒంటికి తెలిసేంత. బాగాలేకపోతే మొదటి చోటికే. ఇది ఓపిక పని. ఇరవై నిమిషాల సెషన్లు రోజుకు అయిదో ఆరో దొరికితే, అందులో రెండు దీనికే పోతాయి. అందుకే ముందు రెండు ట్రాక్ డేలు శిక్షణకు, మూడోది మాత్రమే ప్రయోగాలకు అంటాను.

సోమవారం తొమ్మిదింటికి మీటింగ్ ఉన్నవాళ్ళకు ఒక మాట. ఆదివారం చివరి సెషన్‌లో కొత్త సెట్టింగ్ పరీక్షించకండి. అలసిన మణికట్టు చెప్పేది అబద్ధం, పడితే విరిగేది కీబోర్డు మీద పనిచేసే చేయి. మన వాహన బీమాలో వాడకం పరిమితుల కింద రేసింగ్, వేగపరీక్షలు మినహాయించి ఉంటాయి. ఆరోగ్య బీమా పత్రం కూడా ఇంట్లోనే ఒకసారి చదువుకుని బయల్దేరండి.

అన్నీ చూసుకున్నాక స్ప్రింగ్ మార్చాల్సిందే అని తేలితే, కొట్టువాడు మొదట అడిగేది మీ బరువు. సూటు, బూట్లు, హెల్మెట్ కలిపితే ఎనిమిది పది కిలోలు అదనం. అన్నీ వేసుకుని తూకం ఎక్కి ఆ అంకె చెప్పండి. పెళ్ళిచూపుల నాటి బరువు చెబితే, ఆ కుర్రాడికి సరిపోయే స్ప్రింగే ఇస్తాడు.