సైనస్ ఆపరేషన్: ఏ మత్తు ఇస్తే రక్తం తక్కువ పోతుంది?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ముక్కులో పాలిప్స్‌కు ఖమ్మంలో ఎండోస్కోపీ ఆపరేషన్ చేస్తామన్నారు. మత్తు గ్యాస్‌తో కాకుండా నరానికి ఇస్తే రక్తం తక్కువ పోతుందట. నిజమేనా? – ఓ పాఠకుడు, చర్ల

జవాబు: చాలావరకు నిజమేనండీ. పీల్చే మత్తుమందులు రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. అదే ప్రొపోఫాల్‌ను రెమిఫెంటానిల్ లాంటి నొప్పి మందుతో కలిపి నరానికి ఎక్కిస్తే గుండె వేగం తగ్గి, ముక్కులో రక్తం ఊరడమూ తగ్గుతుంది. సైనస్‌లకు పక్కనే కన్ను, పైన మెదడు ఉంటాయి. కెమెరాకు కొద్దిపాటి రక్తం అడ్డుపడినా సర్జన్‌కు దారి కనపడదు. అందుకే ఇంత పట్టింపు. అయితే తేడా మరీ పెద్దదేమీ కాదు. తలవైపు ఎత్తుగా పడుకోబెట్టడం, అడ్రినలిన్‌లో తడిపిన గుడ్డ ముక్కులో పెట్టడం కూడా రక్తాన్ని అదుపు చేస్తాయి. కాబట్టి గ్యాస్ మత్తే ఇస్తామన్నా భయపడకండి.

మత్తు డాక్టరును ఆపరేషన్‌కు ముందే కలవండి. బీపీ, ఎకోస్ప్రిన్, నొప్పి మాత్రలు, నాటుమందులు, ఏదీ దాచకండి. గుండెకు స్టెంట్ ఉంటే ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా ఆపవద్దు. మీ ఏజెన్సీ ప్రాంతంలో మరొకటి చాలా ముఖ్యం: ఈమధ్య మలేరియా, డెంగీ వచ్చి ఉంటే ప్లేట్‌లెట్లు చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉంటే పరీక్ష తప్పనిసరి. ఆ జబ్బున్నవారికి మత్తులో ఆక్సిజన్, ఒంటి వేడి, నీటిశాతం తగ్గకుండా చూడాలి.

ఇంటికొచ్చాక రక్తం ధారగా కారినా, చూపు మసకబారినా, కన్ను వాచినా, ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం ఆగకుండా కారినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్లండి.