మన ఇంట్లో చేపల తొట్టి

పిల్లలూ! "ఇల్లు అలకగానే పండగ కాదు" అనే సామెత మీరు విన్నారు కదా! ఆ సామెతకు అర్థం మా ఇంట్లో చేపల తొట్టి వల్ల మాకు బాగా తెలిసివచ్చింది.

మా పాప ఎనిమిదో పుట్టినరోజుకి 20 గాలన్ల గాజు తొట్టి కొన్నాం. అదే రోజు గులకరాళ్ళు పరిచి, కుళాయి నీళ్ళు పోసి, సాయంత్రానికి ఆరు చేపల్ని వదిలాం. నీళ్ళు అద్దంలా మెరిశాయి. కానీ అయిదో రోజుకల్లా నాలుగు చేపలు చచ్చిపోయాయి. పాప ఏడుస్తూ, "అమ్మా, మనం ఏం తప్పు చేశాం?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. తర్వాత పుస్తకాలు చదివి, తెలిసినవాళ్ళని అడిగి నేర్చుకున్నదే ఈ పాఠం.

కుళాయి నీళ్ళ సంగతి

ఇండియాలో ఉన్న మా అమ్మకు ఫోనులో చెబితే, "నీళ్ళు ఒక రాత్రి బిందెలో ఉంచి పోయాల్సిందమ్మా" అంది. ఆవిడ చెప్పినది సగం నిజం. నీళ్ళలో క్లోరిన్ ఉంటే, మూత పెట్టకుండా ఒక రోజు ఉంచితే చాలావరకు పోతుంది. కానీ అమెరికాలో చాలా ఊళ్ళలో క్లోరిన్‌కి బదులు క్లోరమైన్ కలుపుతారు. అది అలా పోదు. అందుకే చేపల దుకాణంలో దొరికే వాటర్ కండిషనర్ సీసా మీద రాసిన కొలత ప్రకారం కలపాలి.

కంటికి కనపడని పనివాళ్ళు

చేపలు విసర్జించే మలినాల నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. మొప్పలను పాడుచేస్తుంది. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే! ఇంకో రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. దీనివల్ల హాని చాలా తక్కువ. వారం వారం కొంచెం నీళ్ళు మారిస్తే నైట్రేట్ పెరగకుండా ఉంటుంది.

పిల్లలూ, గుణింతం జాగ్రత్తగా చూడండి! "ట్రై" అని ఐత్వం ఉన్నది విషం. "ట్రే" అని ఏత్వం ఉన్నది దానికంటే ఎంతో నయం.

కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా దాదాపు ఉండవు. అవి సరిపడా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మేము ఒక్క రోజు కూడా ఆగలేదు. అదే మా తప్పు.

ఎలా మొదలుపెట్టాలి?

1. నీళ్ళు, రాళ్ళు, గాజు కలిసి 20 గాలన్ల తొట్టి దాదాపు 100 కిలోలు ఉంటుంది. గట్టి బల్ల మీదే పెట్టండి. కిటికీ ఎండ తగిలితే పాచి పడుతుంది.
2. గులకరాళ్ళను ఉత్త నీళ్ళతోనే కడగాలి. సబ్బు వాడకూడదు.
3. కండిషనర్ కలిపిన నీళ్ళు పోసి, ఫిల్టరు పెట్టి, రోజూ చిటికెడు చేపల మేత వేయండి. అది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. దాన్ని తిని బాక్టీరియా పెరుగుతుంది.
4. వారానికి రెండుసార్లు టెస్ట్ కిట్‌తో నీళ్ళు పరీక్షించి నోటుబుక్కులో రాయండి. ముందు అమ్మోనియా, తర్వాత నైట్రైట్ పెరిగి, చివరికి రెండూ సున్నాకి వచ్చి, నైట్రేట్ కనిపించాకే చేపలు తేవాలి.
5. తర్వాత వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చండి. మొత్తం ఎప్పుడూ మార్చవద్దు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడిగితే బాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి.

ఏ చేపలు?

ఈసారి మేము చారల డానియోలు తెచ్చాం. ఇవి మన దేశపు వాగుల్లో, వరి పొలాల్లో తిరిగే చేపలే! రెండంగుళాలు కూడా ఉండవు. గుంపుగా బతుకుతాయి కాబట్టి కనీసం ఆరు ఉండాలి. అయితే ఒకేసారి కాకుండా మూడేసి చొప్పున తెచ్చాం. ఇవి ఎగిరి దూకుతాయి, తొట్టికి మూత తప్పదు. రెండు నిమిషాల్లో తినగలిగినంత మేతే వేయాలి.

అమ్మానాన్నలకు ఒక మాట: తొట్టిలో చెయ్యి పెట్టేముందు ఫిల్టరు, హీటరు ప్లగ్గులు తీసేయండి. చేపలు వద్దనుకుంటే చెరువులో వదలకండి. అక్కడి చేపలకు ముప్పు. దుకాణానికో, ఇంకొకరికో ఇవ్వండి.

ఆ ఆరు వారాలూ పాప ఖాళీ తొట్టి ముందు కూర్చుని అంకెలు రాసింది. ఇప్పుడు కొత్త చేపలు వచ్చి ఏడాది దాటింది. అన్నీ క్షేమం!

కొత్త మాటలు

మొప్పలు – చేప ఊపిరి తీసుకునే అవయవాలు
పాచి – నీళ్ళలో పెరిగే పచ్చని పొర
మేత – చేపలకు, పశువులకు వేసే తిండి

ఆలోచించి చెప్పండి

1. నీళ్ళు తేటగా ఉన్నా మా చేపలు ఎందుకు చచ్చిపోయాయి?
2. స్పాంజిని కుళాయి కింద ఎందుకు కడగకూడదు?
3. పైన చెప్పిన సామెతకు మీ ఇంట్లో జరిగిన ఒక ఉదాహరణ రాయండి.