బండిసాలను చక్కదిద్దుకొనుట

ఒకనాడు బండి నిలుపుటకు వేసిన సాల నేడు అనేక గ్రామములలో ట్రాక్టరుకు, మోటారు సైకిలుకు, పిచికారీ యంత్రమునకు ఆశ్రయమైనది. డీజిలు డబ్బా, ఎరువుల బస్తా, పురుగుమందు సీసా, పశువుల దాణా కూడ అచ్చటనే చేరుచున్నవి. ఈ కలగాపులగమువలన కాలము వృథా యగుటయే గాక ప్రాణహాని సయితము కలుగవచ్చును.

2013 జూలైలో బీహారు రాష్ట్రమున సారణ్ జిల్లాలోని గండామన్ గ్రామపు పాఠశాలలో మధ్యాహ్న భోజనము చేసిన 23 మంది బాలబాలికలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసినట్లు పరీక్షలలో తేలినది. ఆహారమును, విషమును ఒకచోట చేరనీయరాదని ఈ ఘోరము హెచ్చరించుచున్నది.

సాలను బాగుచేసికొనుటకు ఈ క్రమము అనుకూలముగా నుండును.

1. ఏరివేత: సామాను యావత్తు బయట పెట్టి, నిత్యము వాడునవి, మరమ్మతు చేయింపవలసినవి, పనికిరానివి అని మూడు కుప్పలుగా వేయవలెను. మూలలలో పాములు, తేళ్లు ఉండును గనుక చేయి పెట్టుటకు ముందు కర్రతో కదల్చి చూడవలెను.

2. మరమ్మతు: వానలకు ముందే పైకప్పు కారు చోట్లను సరిచేయవలెను. నేలను పరిసరములకంటె జానెడు ఎత్తు చేసి, వాకిలివైపు వాలు పెట్టవలెను. గాలి ఆడుటకు ఎదురెదురు గోడలలో కిటికీ లుండవలెను. తలుపులు మూసి ఇంజను నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు రంగు, వాసన లేని విషవాయువు.

3. అమరిక: పార, పలుగు, కొడవలి మున్నగువానిని కడిగి, ఆరబెట్టి, నూనె పూసి గోడకు తగిలింపవలెను. పదునుగలవి పిల్లల కందని ఎత్తున నుండవలెను. ప్రతి పనిముట్టు చుట్టును గోడపై సుద్దతో గీత గీచినచో, ఏది తిరిగి రాలేదో చూడగనే తెలియును. ఎరువుల బస్తాలను చెక్కలపై, గోడకు తగులకుండ పేర్చవలెను.

4. విషపదార్థములు: పురుగుమందులను దాణాకు, విత్తనములకు దూరముగా తాళము గల పెట్టెలో, వాని సొంత సీసాలలోనే ఉంచవలెను. చీటీపై ఎర్ర త్రిభుజము అత్యంత విషమును తెలుపును. పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులు వరుసగా తక్కువ తీవ్రతను తెలుపును. ఆకుపచ్చ గుర్తున్నను నిరపాయ మనుకొనరాదు. ఖాళీ డబ్బాలలో నీరు గాని నూనె గాని పోయక, కన్నములు పొడిచి తిరిగి వాడ వీలులేకుండ చేయవలెను. డీజిలును నిప్పుకు దూరముగా నుంచి, చెంత బకెట్టెడు ఇసుక సిద్ధముగా నుంచవలెను.

పంచాయతీ కొట్టమునకును ఈ నియమములే వర్తించును. తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమమున గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు సమకూర్చబడినవి. ట్రాక్టరు ప్రక్కనే బ్లీచింగు పొడి బస్తాలు వేయుట తగదు. తేమ, వేడిమి తగిలిన ఆ పొడి బలము తగ్గును. దాని ఆవిరి ఇనుమును తుప్పు పట్టించును. ఆమ్లముతో కలిసినచో విషవాయువు వెలువడును. మూత గట్టిగానున్న ప్లాస్టిక్ డబ్బాలలో, చల్లని పొడిచోట వేరుగా భద్రపరుపవలెను.

సభ్యులు ముందుగా పంచాయతీ కొట్టమును, తమ యిండ్ల సాలలను చక్కదిద్ది, పిదప గ్రామసభలో ఈ విషయమును ప్రస్తావింపవలెనని కోరుచున్నాము. పెట్టెకు ఒక తాళము, గోడకు కొన్ని మేకులు, ఒక దినపు శ్రమ: ఇంతకంటె పెద్ద వ్యయము దీనికి అక్కరలేదు.