పటము విప్పి చరిత్ర చదువుట

విద్యార్థులారా, తగవులు జరిగిన సీమల చరిత్రను బోధించునపుడు మేము మొదట పటమును విప్పుదుము. దూరదేశముల కేగ నక్కఱలేదు. మన మందసనే చూడుడు. తూర్పున సముద్రము, దాని నంటి యిసుకనేలలు, కొబ్బరి జీడిమామిడి తోటలు గల ఉద్దానము. పడమట మహేంద్రగిరి వరుస. నడుమనున్న సాగుభూమి మిక్కిలి యిఱుకు. నాగలికి కఱ్ఱయు, ఇంటికి వాసమును, పొయ్యికి కట్టెయు కొండయడవినుండియే రావలెను. ఆ యడవి జమీందారుది! కట్టె కొట్టుట తమ హక్కని రైతులనిరి, నేరమని జమీందారీవారనిరి.

1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడి గంజాము జిల్లా చీలినపుడు మందస విశాఖపట్టణము జిల్లాలో చేరెను. గీత మాఱెను గాని తగవు మాఱలేదు. 1940 ఏప్రిల్ 1వ తేదీన గుడారి రాజమణిపురమున పోలీసులు కాల్పులు జరుపగా గున్నమ్మ మొదలగువారు మరణించిరి. ఆమె గర్భవతి. ఈ మాట చెప్పినపుడు తరగతి నిశ్శబ్దమగును. జమీందారీల రద్దు చట్టము 1948లో గాని రాలేదు.

"అడవి యెవరిదండీ?" యని యొక బాలుడు మమ్ము నడిగెను. దస్తావేజు చెప్పు జవాబును, కట్టెమోపు మోసిన అవ్వ చెప్పు జవాబును రెండును వ్రాసి తెమ్మంటిమి. మీ యిండ్లలోని వృద్ధుల నడుగుడు.