చవుటినేలలో వరివిత్తనము

ఉప్పు చవుటినేలలో వరి మొలకెత్తియు, లేతదశలోనే మాడిపోవుట తీరగ్రామముల రైతు లెఱిగినదే. నేలలోని యుప్పు విత్తనమునకు నీటిని సులభముగ నందనీయదు. పిమ్మట వేళ్లద్వారా మొక్కలోనికి జొచ్చి ఆకులను మాడ్చును. కావున విత్తనమును ముందే సిద్ధపఱచుట మేలు.

పొడిదుక్కిలో విత్తువారు విత్తనమును 24 గంటలు మించకుండ మంచినీట నానవేసి, మొలక పైకి రాకముందే తీసి, నీడను పలుచగా నారబోసి, మునుపటి తూకమునకు వచ్చినంతనే విత్తవలెను. నానినప్పుడే లోపల మొలకపని యారంభమగుటచే మొక్కలు త్వరగను, సమముగను లేచి ఉప్పును కొంత తట్టుకొనును. మొలక పైబడిన విత్తనము నారబెట్టిన నశించును. ఉప్పుబావినీరు పనికిరాదు.

ఇది నేలకు చికిత్స గాదు; మంచినీరు కట్టి మురుగు తీయక ఉప్పు పోదు. సభ్యులు మొదట ఒక మడిలో నానిన విత్తనమును, ప్రక్కమడిలో నానని విత్తనమును విత్తి, బ్రతికిన మొక్కలను లెక్కించి చూడవలెనని కోరుచున్నాము.