గోడమీది థర్మామీటరు మాట ఎంత నిజం?

(బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

"ఈ గదిలో ఇప్పుడు ఎన్ని డిగ్రీలుంటుంది?" అని అడిగితే మనలో చాలామంది గోడవైపో, సెల్‌ఫోను వైపో చూసి తడుముకోకుండా ఒక అంకె చెప్పేస్తారు. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. నేనూ నిరుటి దాకా అడగలేదు. అడగనందుకు మా ఇంట్లో ఒక పంట పోయింది. ఆ సంగతితోనే మొదలుపెడతాను. మిత్రులు ఇది సొంత గోడు అనుకోకుండా ఫిజిక్సు పాఠంగానే చదవాలని మనవి.

మాది హిందూపురం వైపు పల్లె. రెండెకరాల మల్బరీ, ఒక పురుగుల షెడ్డు. పట్టుపురుగుకు చలి పడదు, వేడీ పడదు. చిన్న పురుగులకు 27, 28 డిగ్రీలు బాగుంటుంది. నాలుగో జ్వరం లేచి ఐదో దశకు వచ్చాక 24, 25 డిగ్రీలుండాలి. జీవితమంతా తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లు అది తినేది ఈ చివరి దశలోనే. అప్పుడు వేడి ముదిరితే ఆకు వంటబట్టదు, సప్పెరోగం తగులుకుంటుంది.

నిరుడు ఏప్రిల్‌లో నూటయాభై గుడ్ల పంట పెట్టాం. షెడ్డుకు సిమెంటు రేకులు. తలుపు దగ్గర తడి గోనెపట్టాలు వేలాడదీశాం. ఆ తలుపు పక్క స్తంభానికే నేను టౌనులో కొన్న ప్లాస్టిక్ థర్మామీటరు మేకుకు తగిలించి ఉంది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు దాన్ని చూసే బాధ్యత నాది. ఒకరోజు మధ్యాహ్నం నాయన పై అరలో చెయ్యి పెట్టి, "ఏంరా, ఈడ సెగ కొడతాంది, ఇంకో వరస పట్టాలు కడదామా?" అన్నాడు. నేను స్తంభం దగ్గరికి పోయి చూసి, "ఇరవై ఏడే ఉంది నాయనా, ఎండాకాలంలో ఇంతకంటే తగ్గదులే" అన్నాను. సైన్సు చదివే కొడుకు మాట. నాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వంద కిలోల గూళ్లు రావలసిన పంటకు నలభై ఒక్క కిలోలు వచ్చాయి. వేడి ఒక్కటే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను గానీ, పై అరల పురుగులే ముందు పోయాయన్నది మాత్రం కళ్లారా చూశాను.

కాలేజీ తెరిచాక మా లెక్చరర్ గారికి ఈ సంగతి చెప్పాను. ఆయన ఏమీ అనకుండా లేబొరేటరీ థర్మామీటరు ఒకటి ఇచ్చి, "ముందు దీన్నే పరీక్ష చెయ్యి, తర్వాత దానితో మీ ఇంటిదాన్ని పరీక్ష చెయ్యి" అన్నారు.

పరీక్ష సులువు. థర్మాస్ ఫ్లాస్కులో దంచిన ఐసు నిండా పోసి, సందులు నిండేటంత మంచినీళ్లు పోయాలి. బుడ్డి అందులో మునిగేటట్టు ఉంచి పది నిమిషాలు ఆగాలి. నీళ్లు ఎక్కువై ఐసు పైకి తేలితే అడుగున సున్నా ఉండదు, అది గుర్తుంచుకోవాలి. లేబొరేటరీ థర్మామీటరు సున్నా గీతకు వెంట్రుకవాసి పైన నిలబడింది. మా ఇంటిది సున్నా దాటి కిందికి, మైనస్ ఒకటిన్నర దగ్గరికి పోయింది! ఎందుకా అని విప్పి చూస్తే, దాని గాజు గొట్టం అంకెలున్న అట్టకు రెండు చిన్న కొక్కేలతో మాత్రమే పట్టి ఉంది. వేలితో తోస్తే జరుగుతుంది. గొట్టం కిందికి జారితే పరికరం ఎప్పుడూ తక్కువే చెబుతుంది. లేబొరేటరీ థర్మామీటరుకు గీతలు గాజుమీదే చెక్కి ఉంటాయి, కాబట్టి జారే ప్రసక్తి లేదు.

ఒక్క చోట పరీక్షించి ఊరుకోగూడదు. సున్నా దగ్గర ఎంత తప్పో ముప్పై దగ్గరా అంతే తప్పు ఉండాలని నియమమేమీ లేదు. గోరువెచ్చని నీళ్లలో రెంటినీ పక్కపక్కన పెట్టాను. లేబొరేటరీది 32 అంటే ఇంటిది 30 అంది. (50 డిగ్రీల దాకానే గీతలున్న థర్మామీటరును వేడినీళ్లలో పెట్టకండి, గొట్టం పగులుతుంది. లేబొరేటరీ థర్మామీటరును మరిగే నీటి ఆవిరిలో పరీక్షించేవాళ్లు ఊరి ఎత్తు కూడా లెక్కలోకి తీసుకోవాలి. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, అక్కడ నీళ్లు ఇంచుమించు 98 డిగ్రీలకే మరుగుతాయి.)

అంటే పరికరం తప్పు రెండు డిగ్రీలు. కానీ కథ ఇంతటితో అయిపోలేదు. మరుసటి ఎండాకాలం ఖాళీ షెడ్డులో అవే పట్టాలు కట్టి, మధ్యాహ్నం రెండు గంటలకు లేబొరేటరీ థర్మామీటరుతో చోటుచోటుకూ పదేసి నిమిషాలు ఆగి చూశాను. తలుపు పక్క స్తంభం దగ్గర 29. కింది అరలో 30. పై అరలో 32న్నర. స్తంభం మీది పాత థర్మామీటరు మాత్రం ఎప్పటిలాగే 27 అని చెబుతోంది. పై అరకూ దానికీ తేడా ఐదున్నర డిగ్రీలు. అందులో పరికరం పాపం రెండైతే, దాన్ని అక్కడ తగిలించిన నా పాపం మూడున్నర.

ఎందుకిలా అవుతుంది? థర్మామీటరు చూపేది తన బుడ్డి ఉష్ణోగ్రతను. బుడ్డికి వేడి గాలినుంచి వస్తుంది, ఆనుకున్న గోడనుంచి వస్తుంది, ఎదురుగా ఉన్న వేడి వస్తువుల వికిరణం వల్ల కూడా వస్తుంది. తడి గోనె నుంచి వచ్చే గాలి నీరు ఆవిరవడం వల్ల చల్లబడి ఉంటుంది. మన ప్రాక్టికల్సులోని తడిబుడ్డి థర్మామీటరు సూత్రమే ఇది. నేను తెలియక మొత్తం షెడ్డు ఉష్ణోగ్రతను దాదాపు ఒక తడిబుడ్డితో కొలిచానన్నమాట. పైన రేకులు ఎండకు కాగి కిందికి వేడిని వెదజల్లుతాయి, వేడిగాలి తేలికై అక్కడే చేరుతుంది. పై అర పురుగుకు రెండు విధాలా దెబ్బే.

వాతావరణ శాఖవారు ఈ తంటాలన్నీ తప్పించడానికే థర్మామీటర్లను తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో ఉంచుతారు. దాని గోడలు గాలి ఆడేటట్టు ఏటవాలు చెక్కపలకలతో చేసి ఉంటాయి, ఎండ లోపల పడకుండా మనవైపు దేశాల్లో తలుపు ఉత్తరానికి పెడతారు. పేరు స్టీవెన్సన్ స్క్రీన్. దాన్ని తయారుచేసిన థామస్ స్టీవెన్సన్ దీపస్తంభాలు కట్టే ఇంజనీరు, 'ట్రెజర్ ఐలండ్' రాసిన రచయితకు తండ్రి. తండ్రి పెట్టె కంటే కొడుకు పుస్తకానికే పేరెక్కువ వచ్చింది, అది వేరే సంగతి. సెల్‌ఫోనులో మనం చూసే అంకె బయటి వాతావరణానికి సంబంధించినది. మన గదికీ దానికీ చుట్టరికం అంతంతమాత్రమే.

ఇక అంకెలు వెలిగే డిజిటల్ గడియారాల మాట. వాటిలో చాలావాటికి లోపల థర్మిస్టర్ ఉంటుంది. వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, ఆ తగ్గుదలను డిగ్రీలుగా మార్చి చూపుతారు. 24.7 అని దశాంశంతో సహా కనిపించేసరికి మనకు గురి కుదురుతుంది. కానీ పరికరం అచ్చుతప్పు ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే, అసలు వేడి 23.7 నుంచి 25.7 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. సన్నటి గీతలున్న స్కేలు సరైన స్కేలు కానక్కరలేదు. అలాంటి గడియారాన్ని ఫ్రిజ్ మీదో, టీవీ పక్కనో పెడితే ఇంక చెప్పేదేముంది.

థర్మోస్టాట్‌ది మరో తీరు. అది కొలిచి ఊరుకోదు, పని కూడా చేస్తుంది. అందరికీ తెలిసినది ఇస్త్రీపెట్టెలోనిది. వేడికి వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాల పట్టీని అతికించి ఉంటుంది. వేడెక్కితే వంగి కరెంటు ఆపుతుంది, చల్లారితే మళ్లీ కలుపుతుంది. 'టిక్కు'మనే శబ్దం అదే. ఆపే వేడీ, కలిపే వేడీ ఒకటే అయితే క్షణక్షణం టిక్కుటిక్కుమంటూ మొనలు కాలిపోతాయి. అందుకని కావాలనే రెంటికీ మధ్య కొంత ఎడం ఉంచుతారు. కనుక ఏ.సి. 24 మీద పెట్టామంటే గది 24 దగ్గర కదలకుండా నిలబడుతుందని అర్థం కాదు. దానికి చుట్టూ కిందికీ పైకీ ఊగుతుంది. పైగా మామూలు గోడ ఏ.సి.ల్లో గది వేడిని పసిగట్టే మొన ఏ.సి. లోపలే, గాలి పీల్చుకునే వైపు, పైకప్పుకు దగ్గరగా ఉంటుంది. మంచం మీద పడుకున్నవాడి కష్టం దానికి తెలియదు. రిమోటులో కనిపించే 24 మన కోరిక మాత్రమే. 2020 జనవరి నుంచి మన దేశంలో కొత్త ఏ.సి.లు వేయగానే 24 డిగ్రీల మీదే మొదలవ్వాలని నిబంధన వచ్చింది. అదీ కోరిక అంకె గురించే.

చలిదేశాల ఇళ్లలో థర్మోస్టాట్ గోడకు ఉంటుంది. దాన్ని లోపలి గోడకు, దాదాపు ఐదడుగుల ఎత్తున, కిటికీకీ ఎండకూ దూరంగా పెట్టమంటారు. మా షెడ్డులో నేను మేకు కొట్టిన చోటుకు సరిగ్గా వ్యతిరేకం.

ఇంకొక పొరపాటు కూడా చెప్పి ముగిస్తాను. పొద్దున ఎనిమిదికీ, సాయంత్రం ఆరుకీ మాత్రమే నేను క్రమం తప్పకుండా పుస్తకంలో రాసేవాణ్ణి. ఆ రెండు వేళలా షెడ్డు చల్లగానే ఉండేది. పుస్తకం చూస్తే ఆ పంట ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేరు. రోజులో అతి ఎక్కువ, అతి తక్కువ వేడిని గుర్తుపెట్టుకునే థర్మామీటరును జేమ్స్ సిక్స్ అనే ఆయన 18వ శతాబ్దంలోనే తయారుచేశాడు. ఈసారి స్కాలర్‌షిప్పు డబ్బుతో అలాంటిదే ఒకటి కొని, ఐసులో పరీక్షించి, పై అరకు అంగుళం ఎడంగా, గోడకు తగలకుండా దారంతో వేలాడదీశాను.

పాతదాన్ని పారేద్దామంటే నాయన ఒప్పుకోలేదు. ఎంత తప్పో తెలిసినాక ఇంక దానితో భయమేముంది అన్నాడు. కింది అర దగ్గరికి మార్చి, పక్కన గోడమీద బొగ్గుతో "రెండు కలపాల" అని రాశాడు. మొన్న ఫోను చేస్తే, "పైది ఇరవై తొమ్మిది, కిందిది ఇరవై ఐదు, కలిపితే ఇరవై ఏడు. పట్టాలు తడిపినా, పైన కొబ్బరాకు కప్పినా. నువ్వేమంటావురా?" అని అడిగాడు. పై అరలో చెయ్యి పెట్టి చూసి చెప్పమన్నాను.